జర్మనీ లెన్సుకు పట్టిన పొర

“ఇట్లాంటి మెదడును హాజరు పట్టీలు రాసేదానికి పెట్టుకున్నారంటే, రోడ్డు రోలరుతో అప్పళాలు ఒత్తుకుంటా ఉండారని అర్థం, అలమేలూ. చూస్తా ఉండు. ఒక దినం ఈ కోలారు జిల్లా అంతా నా పేరు చెప్పుకుంటాది. చెప్పుకుని వణుకుతాది.”

ఈ మాట అని ప్రహ్లాద ఉప్మా ప్లేటు పక్కన పెట్టి, వణకవలసిన జిల్లా వైపు కిటికీలోంచి చూశాడు. కిటికీ అవతల ఎదురింటివాళ్ళ కోళ్ళు మాత్రమే ఉన్నాయి. అవి వణకలేదు.

“చెప్పుకుంటాది లెండి. ముందు ఆ చొక్కా గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకోండి. కిందిది పైకి పోయింది,” అంది అలమేలు.

అలమేలు కోలారు కాలేజీలో బి.ఏ. చదివింది. పెళ్ళయి పదకొండేళ్ళు. బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా ఎదుటివాళ్ళ మాటల్లోనూ రాళ్ళు ఏరే అలవాటు ఆమెది. భర్త మాటలు ఏరడం మొదలుపెడితే రాళ్ళే మిగులుతాయని తెలిసి, రెండో ఏడే ఆ పని మానుకుంది.

ప్రహ్లాద బంగారు గనుల కంపెనీలో టైమాఫీసు గుమాస్తా. కంపెనీ సర్కారు చేతికి వచ్చాక పని తగ్గి తీరిక పెరిగింది. ఆ తీరికలో ఆయన డిటెక్టివ్ అయ్యాడు. ఒక భూతద్దం, ఒక కేసు డైరీ, ఎండాకాలంలో కూడా విప్పని ఒక మంకీ క్యాపు సంపాదించుకున్నాడు. ఇప్పటిదాకా రెండు కేసులు పట్టాడు. మొదటిది సైకిలు పంపు చోరీ. పోస్టుమన్‌ను పది రోజులు వెంటాడాక పంపు తన సంచిలోనే దొరికింది. రెండోది పక్కింటి పిల్లి హత్య. నాలుగో రోజున పిల్లి నాలుగు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. డైరీలో ఆయన ‘హతురాలు లొంగిపోయింది, కేసు మూసివేయడమైనది’ అని రాసుకున్నాడు.

గుండీల పని ఇంకా పూర్తి కాలేదు, వాకిట్లో గంగమ్మ పిలిచింది. ఆమె రోజూ పాలు పోసే మనిషి. ఈ రోజు పాల చెంబుతోపాటు ఒక కవరు కూడా తెచ్చింది.

“అలమేలమ్మా, మీరు ఇంగ్లీషులో ఒక అర్జీ రాసియ్యాల. మావాని ఫోటో మళ్ళీ వెనక్కి కొట్టినారు. ఇది మూడోసారి.”

గంగమ్మ భర్త ఇరవై ఆరేళ్ళు గనిలో రాయి కొట్టి, దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఇంట్లో కూర్చున్నాడు. ఆ చోటు కొడుకు చిన్నవెంకటప్పకు ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. గనిలోకి దిగే పాసు కోసం ఫోటో ఇవ్వాలి. ముఖం స్పష్టంగా ఉండాలి, చెవులు రెండూ కనబడాలి, కంపెనీ నియమించిన స్టూడియో ముద్ర ఉండాలి. శనివారం మధ్యాహ్నం లోపల ఇవ్వకపోతే ఆ చోటు జాబితాలో తరువాతివాడికి పోతుంది. ఇవాళ బుధవారం.

“ఆ పాసుల ఆఫీసు గుమాస్తా ఏమన్నాడో తెలుసా అమ్మా? ‘ఇది నీ ఫోటోనా, మబ్బు ఫోటోనా’ అన్నాడు. మా ఇంటి ఆయప్పకు దగ్గు, నాకు రెండు ఆవులు, వీనికి ఈ పని. ఇది పోతే ఇంగ యాడికి పోయేది?”

అలమేలు ఫోటో తీసి చూసింది. తెల్లటి మసకలో ఒక కోడిగుడ్డు ఆకారం. అందులో రెండు నల్ల మచ్చలు కళ్ళు కావచ్చు. చెవుల సంగతి దేవుడికే తెలియాలి. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. పోయిన నెల తన చెల్లెలి బిడ్డ నామకరణం ఫోటోలు తీసిందీ ఆ స్టూడియో నంజుండప్పే. బిడ్డ ఉడికిన గుమ్మడి ముక్కలా వచ్చింది. పక్కన ఉన్నది తల్లో మేనత్తో ఇంతవరకు తేలలేదు.

“అర్జీ రాస్తాను గంగమ్మా. కానీ ఇంకో వారం గడువు ఇస్తారని నాకు నమ్మకం లేదు. ముందు ఫోటో సంగతి...”

ఆమె మాట పూర్తి కాకముందే ఫోటో ఆమె చేతిలో లేదు. ప్రహ్లాద దాని మీద భూతద్దం పెట్టి వంగి ఉన్నాడు. మంకీ క్యాపు ఎప్పుడు తగిలించుకున్నాడో ఎవరూ చూడలేదు.

“గంగమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి, “నీ కొడుకు ముఖాన్ని ఎవరో కాజేసినారు.”

“అయ్యో సామీ! ముఖం ఇంట్లోనే ఉండాది. పేడ ఎత్తతా ఉండాడు.”

“అది అసలు ముఖం. నేను చెప్పేది సాక్ష్యాధార ముఖం.”

గంగమ్మ అలమేలు వైపు చూసింది. అలమేలు పాలు లోపలికి తీసుకుపోయింది.

మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేటలోని స్టూడియోకు భర్త వెంట అలమేలు కూడా బయల్దేరింది. ఆయన ఒక్కడే వెళితే జరిగేది తెలుసు గనుక. దారిలో గని రాతిపొడి పోసిన సైనైడు దిబ్బ మీదినుంచి గాలి లేచి తెల్ల దుమ్ము కళ్ళలో కొట్టింది. “అనుమానితుల్లో ఈ దిబ్బ కూడా ఉండాది,” అని ప్రహ్లాద డైరీలో ఎక్కించాడు.

నంజుండప్ప స్టూడియోలో ఒక మూల ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడే పెళ్ళి ఆల్బం వెనక్కి ఇచ్చిపోయినవాళ్ళు తిట్టిన తిట్లు ఇంకా గదిలోనే తిరుగుతున్నట్టు అతని ముఖం వాడిపోయి ఉంది.

“రండి సార్. మీరూ తిట్టిపోండి. అక్కకు కూడా నామకరణం బాకీ ఉండాది కదా,” అన్నాడు.

“నేను తిట్టేదానికి రాలేదు. సత్యం కోసం వచ్చినాను,” అన్నాడు ప్రహ్లాద. “ఈ మసక ఎన్నాళ్ళుగా?”

“ఆ జర్మనీ లెన్సు కొన్న దినం నుంచి. నా పాత లెన్సు మన దేశానిదే, గీతలు పడిందే, కానీ మనిషి ముఖాన్ని మనిషి ముఖంగా చూపించేది సార్. దాన్ని మాలూరులో ఒకాయనకు అమ్మేసి దీన్ని తెచ్చుకుంటి. పేరు గొప్పది కదా అని. చూడండి, లోపల ఎట్ల పొర పట్టిందో. ముసలాళ్ళ కంటికి పట్టినట్టు.”

అతను అల్మరాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఊరేగింపు విగ్రహంలా బల్ల మీద దించాడు. మూత తెరవగానే గుడి వాసన గుప్పున వచ్చింది. ప్రహ్లాద ముక్కు ఎగబీల్చి డైరీ తీశాడు. ‘నేరస్థుడు భక్తుడు’ అని రాసుకున్నాడు.

అలమేలు లెన్సును వెలుతురుకు ఎత్తి చూసింది. బయటి అద్దాలు శుభ్రంగా మెరుస్తున్నాయి. లోపల ఎక్కడో పాల మీగడలాంటి పలుచని తెర.

“విప్పి తుడవరాదా నంజుండప్పా?”

“ఒక మర ఊడితే జర్మనీ పోవాల్సి వస్తాదక్కా.”

“దీన్ని ఎవరి దగ్గర కొన్నావు?” ప్రహ్లాద ఉరిమాడు.

“సర్వే ఆఫీసులో పని చేసి రిటైరైన వెంకటరమణప్ప దగ్గర. రెండు వీధుల అవతలే ఇల్లు.”

“నేరస్థులు ఎప్పుడూ రెండు వీధుల అవతలే ఉంటారు,” అని ప్రహ్లాద లేచాడు. లేస్తూ లేస్తూ స్టూడియో వెనకున్న తెర మీద గీసిన తాజ్ మహలు తలుపు తీయబోయి, తెరతో సహా కిందికి వచ్చాడు.

వెంకటరమణప్ప వరండాలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి.

“ఆగస్టు నెలలో ఒక సాయంత్రం మీరు ఒక లెన్సును వదిలించుకున్నారు. ఏమిటికి?” అని గుమ్మంలోంచే అడిగాడు ప్రహ్లాద.

“నువ్వు ఎవురప్పా? ఆ టోపీ ఏంది, చలిజొరమా?”

“ప్రశ్నలు నావి. జవాబులు మీవి.”

“సరే, విను. తెల్ల దొరలు ఊరు విడిచి పోయేటప్పుడు సామాను వేలం వేసినారు. దొరసాని లెన్సు అని ఆశపడి తీసుకుంటి. అది దొరసాని దగ్గర బాగానే పని చేసేదంట. నా కాడికి వచ్చినాక మొగం తిప్పుకునింది. నా మనవరాలికి పదేండ్లు. ఫోటో తీస్తే మా ఇంటి ముసలిదాని ఫోటో అనుకున్నారు జనం. నేనేమన్నా సరిగ్గా చూసుకోలేదా? పట్టుచీరలు పెట్టుకునే పెట్టెలో చీరల మాదిరే జాగ్రత్తగా పెట్టి ఉంటి. నంజుండప్ప వాడే ఎగబడి వచ్చి అడిగినాడు. మసక వస్తాదప్పా అని చెప్పినాను కూడా. ‘మీకు ఫోటో తీసేది రాదులే తాతా’ అన్నాడు.” ఆయన ఒక పప్పు నోట్లో వేసుకున్నాడు. “ఇప్పుడు వానికీ రాలేదంట గదా.”

అంటూ ఆయన నవ్విన నవ్వులో ఎన్నాళ్ళుగానో దాచుకున్న సంతోషం ఉంది. అలమేలుకు ఆయన చెప్పింది నిజమేననిపించింది. ప్రహ్లాదకు నిజాలు ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తాయి.

సాయంత్రం కాఫీ దగ్గర ఆయన రహస్యం ఛేదించేశాడు.

“అలమేలూ, కుర్చీ గట్టిగా పట్టుకో. ఇది ఫోటోల కేసు కాదు. బంగారం కేసు.”

“కాఫీ చల్లారుతా ఉంది.”

“మసక ముఖంతో పాసు తయారైతే ఏమవుతాది? ఆ పాసు పట్టుకుని ఎవడైనా గనిలోకి దిగొచ్చు! ఈ రోజు వీడు, రేపు వాడు. నూరు మంది దొంగలకు ఒకే పాసు. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉండాది. ఆ హస్తానికి మొదటి వేలు...” ఆయన లేచి నిలబడి కాఫీ లోటా తన్నేశాడు. “చిన్నవెంకటప్ప!”

అలమేలు నేల తుడిచే గుడ్డ కోసం లేవబోయి, లేవలేదు.

“గంగమ్మ కొడుకా? వాని ఫోటో మసకగా వస్తే నష్టపోయేది వాడే కదండీ. అందరికంటే ముందు.”

“అదే వాని తెలివి! మూడుసార్లు వెళ్ళినాడు. మూడుసార్లూ మసకే. ఒక మామూలు మనిషికి మూడుసార్లు అట్ల జరుగుతాదా?”

“మా చెల్లెలి బిడ్డకు పన్నెండు ఫోటోల్లోనూ జరిగింది.”

“ఆ బిడ్డ సంగతి తర్వాత చూస్తాను,” అన్నాడు ప్రహ్లాద గంభీరంగా. “శనివారం పొద్దున సెక్యూరిటీ ఆఫీసులో రిపోర్టు ఇచ్చేస్తాను.”

పదకొండేళ్ళలో భర్త మూర్ఖత్వం వల్ల సైకిలు పంపూ పిల్లీ తప్ప ఎవరూ బాధపడలేదు. ఇప్పుడు ఆయన రాసే నాలుగు వాక్యాలు ఒక ఇంటి పొయ్యి ఆర్పగలవు. కంపెనీ కాగితం మీద అనుమానం అన్న మాట ఒకసారి పడితే, అబద్ధమని తేలేసరికి శనివారం దాటిపోతుంది, చోటూ పోతుంది. ఆమె గుడ్డ తెచ్చి తన కోపాన్నంతా నేల తుడవడంలో పెట్టింది. తుడిచి, మెత్తగా అడిగింది:

“రిపోర్టు అంటే ఆధారాలు ఉండాల కదా. ఉత్త మాటలతో మీలాంటివాళ్ళు రిపోర్టు ఇస్తారా?”

మీలాంటివాళ్ళు అన్న మాట సూటిగా పోయి పని చేసింది.

మరునాడు, గురువారం, ఆయన ఆధారాలు సేకరించాడు. స్టూడియో నుంచి లెన్సును డబ్బాతో సహా జప్తు చేసి ఇంటికి తెచ్చాడు. శాస్త్రీయ పరీక్షకు అని చెప్పాడట. నంజుండప్ప వద్దనలేదు. దాన్ని కళ్ళ ముందునుంచి తీసుకుపోయినవాడు దొంగైనా సరే దేవుడే అన్న స్థితిలో ఉన్నాడు పాపం. డబ్బా బాగుందని తోచి, ప్రహ్లాద అందులో తన ఆధారాలు నింపాడు. వెంకటరమణప్ప పారేసిన వేరుశెనగ పొట్టు, ఒక తెగిన చెప్పు ఉంగటం, తాజ్ మహలు తెర ముక్క. లెన్సుకు చోటు చాలలేదు. దాన్ని చేతిరుమాలులో మూటగట్టి, శత్రువుల గూఢచారులు వెతకని చోటు కోసం ఇల్లంతా తిరిగి, ఎక్కడ దాచాడో భార్యకు కూడా చెప్పలేదు.

“నిన్ను చిత్రహింసలు పెట్టినా నువ్వు చెప్పకూడదు కదా,” అన్నాడు.

“నన్నెవరు పెడతారు, మీరు కాక,” అంది అలమేలు.

ఆ సాయంత్రం నీళ్ళు కాగాయి. శుక్రవారం తలస్నానాల రోజు గనుక తెల్లవారి నీళ్ళ పొయ్యి మరికాస్త ఎక్కువే మండింది. కట్టె ఎగదోసి, కుంకుడుకాయల కోసం పొయ్యి పైనున్న గూట్లో చెయ్యి పెట్టిన అలమేలుకు చేతిరుమాలు మూట తగిలింది. వెచ్చగా ఉంది. కుంకుడుకాయల డబ్బాకూ గోడకూ మధ్య, పొయ్యి సెగ తగిలే చోట దాన్ని ఇరికించాడు ఆ మహానుభావుడు.

మూట విప్పింది. రుమాలు గుప్పున కర్పూరం వాసన కొట్టింది. స్నానాల గదిలో హారతి ఎవరిచ్చారా అన్నంత వాసన. లెన్సును పైకి ఎత్తి వెంటిలేటరు వైపు పెట్టింది. ఎదురింటివాళ్ళ దండెం మీది బట్టలు తలకిందులుగా, చిన్నవిగా, ఒక్కొక్క గుడ్డ అంచుతో సహా కనబడ్డాయి. పొర లేదు. మీగడా లేదు. నీళ్ళలా ఉంది అద్దం.

అలమేలు తడి చేతులు తుడుచుకుని ముందు గదికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా మూత తీసింది. వేరుశెనగ పొట్టు కింద, డబ్బా అడుగున, కర్పూరం బిళ్ళలు పదో పన్నెండో ఉన్నాయి. పట్టుచీరలకు పురుగు పట్టకూడదని ఈ ఊళ్ళో ప్రతి ఇల్లాలూ చేసే పని. వెంకటరమణప్ప ఇంట్లో లెన్సుకూ అదే మర్యాద జరిగింది. నంజుండప్ప ఖరీదైన వస్తువని ఇంకో పిడికెడు వేసి మూత బిగించాడు. ఆ కర్పూరమే ఆవిరై, పోయే దారి లేక అద్దాల లోపల పొరలా పేరుకుంది. ఎంత ప్రేమగా దాచుకుంటే అంత మసక. ఇద్దరు మగవాళ్ళు దాన్ని తిట్టారు గానీ, ఒక పూట గాలికి పెట్టాలని ఇద్దరికీ తోచలేదు. ఇప్పుడు పొయ్యి సెగకు పొర ఎగిరిపోయింది.

భర్తకు చెబుదామని ఒక అడుగు వేసి ఆగింది. చెబితే ఏమవుతుంది? కర్పూరం ఎవరు అమ్మారు, ఎందుకు అమ్మారు, ఆ అంగడివాడి పూర్వ చరిత్ర ఏమిటి... శనివారం దాటి ఆదివారం వస్తుంది. లెన్సును ఉతికిన నూలు గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది. కర్పూరం బిళ్ళలు ఏరి దేవుడి గూట్లో వేసింది. నంజుండప్పతో చాటుగా రెండు మాటలు చెప్పి చిన్నవెంకటప్పను పిలిపించాలి, అంతే.

ఆ శ్రమ కూడా అవసరం లేకపోయింది.

“అలమేలూ!” అని మంకీ క్యాపు సర్దుకుంటూ వచ్చాడు ప్రహ్లాద. “రిపోర్టు రాసేసినాను. ఒకటే లోటు. నేరస్థుని ఫోటో! దొరికిన దొంగలకు పోలీసులు తీస్తారే, అట్లాంటిది. ఇప్పుడే స్టూడియోకు పోయి వాన్ని నిలబెట్టి తీయిస్తాను.”

“వాని ఫోటో స్పష్టంగా రాదనే కదా మీ కేసు?”

ప్రహ్లాద ఒక క్షణం ఆలోచించాడు. ఆ క్షణం చాలా ఖాళీగా గడిచింది.

“వాడు నా కళ్ళలోకి చూస్తా ఉంటే మసక చేసే ధైర్యం వానికి ఉండదు,” అన్నాడు.

అలమేలు లెన్సు చేతిలోకి తీసుకుని చెప్పులు వేసుకుంది.

చిన్నవెంకటప్ప తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. సారు దయతలచి నాలుగో ఫోటో తీయిస్తున్నాడని గంగమ్మ చెప్పి పంపింది. ప్రహ్లాద అతన్ని గోడకు ఆనించి నిలబెట్టాడు.

“కదలొద్దు. నవ్వొద్దు. నేరస్థులను పట్టిచ్చేది చెవులు! రెండు చెవులూ కనపడాల. జుట్టు వెనక్కి తొయ్యి.”

“సరే సార్.”

“ఈ పలక గుండెల మీద పట్టుకో.”

అక్షరాభ్యాసం ఫోటోలకని నంజుండప్ప ఉంచుకున్న పలక అది. దాని మీద ప్రహ్లాద ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో ‘సస్పెక్ట్ నం. 1’, అంటే మొదటి అనుమానితుడు, అని రాశాడు. కన్నడ బడిలో ఐదో తరగతి దాకా చదివిన చిన్నవెంకటప్పకు అందులో అంకె ఒక్కటే తెలిసింది.

“లిస్టులో నా నంబరా సార్?”

“ముందు ముందు తెలుస్తాది,” అన్నాడు ప్రహ్లాద, సినిమా విలను వైపు చూసినట్టు చూస్తూ.

నంజుండప్ప నిస్పృహగా లెన్సు బిగించాడు. నల్ల గుడ్డ కిందికి తల దూర్చాడు. దూర్చినవాడు చాలాసేపు బయటికి రాలేదు.

“నంజుండప్పా?” అంది అలమేలు.

“అక్కా...” గుడ్డలోపలినుంచే అరిచాడు. “వీనికి గడ్డం కింద పుట్టుమచ్చ ఉండాదక్కా!”

“ఉండాది,” అన్నాడు చిన్నవెంకటప్ప బెదిరిపోయి. “పుట్టినప్పటినుంచి ఉండాది.”

నంజుండప్ప బయటికి వచ్చి, ప్రహ్లాద రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. “ఏం పరీక్ష చేసినారు సార్? ఏం మంత్రం వేసినారు?”

ప్రహ్లాద నోరు తెరిచాడు. ఆయనకు ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆయనకు తెలియడానికి అర నిమిషం పట్టింది. తరువాత ఛాతీ పొంగింది.

“ముఠా భయపడింది,” అన్నాడు. “నేను లెన్సును స్వాధీనం చేసుకున్నానని తెలియగానే కుట్ర విరమించుకున్నారు. పేరు చాలు నంజుండప్పా, కొందరికి.”

“అట్లయితే కుట్ర లేనప్పుడు రిపోర్టు ఎందుకండీ?” అంది అలమేలు. “జరగని దొంగతనానికి రిపోర్టు ఇస్తే మీ కీర్తికి మచ్చ కదా.”

ప్రహ్లాద ఆలోచించి, రిపోర్టు జేబులోంచి తీసి, చరిత్ర కోసం అంటూ డైరీలో దాచుకున్నాడు. ఆయన తాజ్ మహలు తెరను పరిశీలిస్తుండగా అలమేలు నంజుండప్పను పక్కకు పిలిచి కర్పూరం సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. నంజుండప్ప తల బాదుకున్నాడు.

“గుడ్డలో చుట్టి పెట్టుకో. ఆ డబ్బా ఇంక నీకు ఇవ్వను,” అంది ఆమె. “ఇంకొకటి. పలక కనపడకుండా కత్తిరించి ముద్ర వెయ్యి.”

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు గంగమ్మ పాల చెంబు లేకుండా వచ్చింది. వాకిట్లోనే కూలబడింది.

“ఆ గుమాస్తా ఫోటో చూసినాడమ్మా. మావాని మొగం చూసినాడు. మళ్ళీ ఫోటో చూసినాడు. నాకు ఊపిరి ఆడలేదు. ‘ఇది నువ్వే కదప్పా’ అన్నాడు. టపీమని ముద్ర కొట్టినాడు. సోమవారం గనిలోకి దిగమన్నారు. ఆయప్ప అంత దగ్గులోనూ లేచి కూసోని నవ్వినాడమ్మా.”

“నేరపరిశోధన ఒక కళ గంగమ్మా,” అని లోపలినుంచి ప్రహ్లాద గొంతు వినిపించింది. “కృతజ్ఞతలు తర్వాత చెప్పుకోవచ్చు.”

గంగమ్మ అటు ఒక నమస్కారం పారేసి, కొంగు చాటునుంచి ఒక పటం తీసింది. అద్దం, చెక్క చట్రం, చుట్టూ జరీ కాగితం. లోపల చిన్నవెంకటప్ప నిలువెత్తున, రెండు చెవులతో, పుట్టుమచ్చతో, గుండెల మీద పలకతో.

“ఆఫీసుకు ఇచ్చింది కత్తిరించిందంట. పలక ఉండేది బాగుండాదని నంజుండప్పను బతిమాలి ఒకటి వేయించుకున్నాను. ఇస్కూలు బిడ్డ మాదిరి ఎంత ముద్దుగా ఉండాడు చూడమ్మా. ఈ పలక మీద ఏం రాసినారు?”

ప్రహ్లాద గుమ్మంలోకి వచ్చాడు. జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. అలమేలు ఆయన వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. పదకొండేళ్ళు దాచిపెట్టుకున్న చూపు అది. ఆయన గొంతు సవరింపు దగ్గుగా మారి లోపలికి వెళ్ళిపోయింది.

అలమేలు పటం చేతిలోకి తీసుకుంది. కాలేజీలో చదివిన ఇంగ్లీషు ఎప్పుడూ అంత కష్టంగా తోచలేదామెకు.

“నంబర్ వన్ అని రాసుంది గంగమ్మా. అందరికంటే మొదటివాడు అని.”

“నేనూ అదే అనుకున్నాను!” గంగమ్మ పటాన్ని కొంగుతో మళ్ళీ తుడిచింది. “యాడ మేకు కొడితే బాగుంటాది, చెప్పమ్మా. వీధిలో పొయ్యేవాళ్ళందరికీ కనపడాల.”